దవడ నొప్పుల గదిలో ఒక పాట

వచ్చే నెల నుంచి సీతమ్మధారలోని మా పళ్ళ క్లినిక్‌లో, మేడమీద కిటికీ పక్క గదిలో, నా కుర్చీలో మరో అమ్మాయి కూర్చుంటుంది. నేను కాలేజీలో పాఠాలు చెప్పడానికి వెళ్తున్నాను. పదవీ విరమణ అనే పెద్ద మాట వాడే వయసు నాకింకా రాలేదు కానీ, రోగి పక్కన కూర్చుని చేసే పని మాత్రం ఇక్కడితో అయిపోయినట్టే. నలుగురిలో మాట్లాడమంటే నాకు గొంతు ఎండిపోతుంది. చెప్పాల్సింది రాసి ఇవ్వడమే చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ అమ్మాయికీ, ఆమెలాగే ఈ పనిలోకి వచ్చేవాళ్ళకీ ఇది రాస్తున్నాను.

ఏ మందు ఎంత మోతాదులో ఇవ్వాలో పుస్తకాల్లో ఉంది, అక్కడ చదువుకోండి. రోగులు ఎలా వస్తారో, మనం ఎక్కడ పొరబడతామో, గెలిచినప్పుడు ఎలా ఉంటుందో, అది మాత్రం నాకు తెలిసినంత చెబుతాను.

మా గదికి వచ్చేవాళ్ళు

మన దగ్గరికి ఎవరూ మొదటే రారు. చెవి పోటు అని చెవి డాక్టరు దగ్గరికి వెళ్తారు. తల పగిలిపోతోందని తలకి స్కానింగు తీయించుకుంటారు. పన్ను నొప్పి అని పన్ను పీకించుకుంటారు. అన్నీ అయ్యాక, నొప్పి అక్కడే ఉన్నాక, ఎవరో చెబితే మన మెట్లెక్కుతారు. అప్పటికి వాళ్ళకి డాక్టర్ల మీద నమ్మకం పోయి ఉంటుంది. చాలామందికి తమ మీద తమకే నమ్మకం పోయి ఉంటుంది.

నొప్పి ఉన్నది చెంపలో, కణతలో, దవడని మూసే కండరాల్లో. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్ళూ కింది పళ్ళూ ఒకదానికొకటి తగలకూడదు. ఈ సంగతి చెబితే నూటికి తొంభై మంది ఆశ్చర్యపోతారు, చదువుకున్నవాళ్ళతో సహా. రోజంతా తెలియకుండా పళ్ళు కలిపి ఉంచితే కండరం అలిసిపోతుంది, గట్టిపడుతుంది, నోరు తెరుచుకోదు. మన భాషకి ఇది ఎప్పటి నుంచో తెలుసు. కష్టాన్ని పంటి బిగువున భరించాను అంటాం కదా. భరించిన మనిషిని అందరూ మెచ్చుకుంటారు. ఆ బిగువు మోసిన దవడ సంగతి ఎవరూ అడగరు.

ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ నడిపే ఒకాయన వచ్చేవాడు. కాగే లోహం నిండిన గిన్నెను గాల్లో మోసుకెళ్ళే పని. ఆ గిన్నె కదులుతున్నంతసేపూ ఆయన పళ్ళు బిగిసే ఉండేవి. పైగా షిఫ్టులు మారి మారి నిద్ర లేదు. ఆయనకి వచ్చింది కండరం జబ్బా, మనసు జబ్బా అని నన్ను ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్నే తప్పంటాను. కండరం ఆయనదే, భయమూ ఆయనదే, నిద్రలేమీ ఆయనదే. మూడూ ఒకే దవడలో కూర్చున్నాయి. ఒక్కదానికే వైద్యం చేసి మిగతా రెంటినీ వదిలేస్తే మళ్ళీ వస్తాడు.

మా పెద్ద డాక్టరు గారు

శేషగిరి గారు మా క్లినిక్ పెద్ద. అంత నేర్పుగల చేతులు నేను ఇంకెక్కడా చూడలేదు. ఆయన సూది గుచ్చితే పిల్లలకి కూడా తెలిసేది కాదు. కానీ ఆయనకి ఎక్స్‌రేతో ఉన్నంత చనువు మనుషులతో ఉండేది కాదు. ఎముక అబద్ధం చెప్పదు అనేవారు. నిజమే. కానీ దాన్ని అడగాల్సిన ప్రశ్నలు కొన్నే ఉంటాయి. మిగతావి మనిషిని అడగాలి.

ఆయనకి రెండు ఇష్టాలు: కర్ణాటక సంగీతం, నిశ్శబ్దం. ముక్కుకి నీచు వాసన తగలకుండా జీవితమంతా ఈ ఊళ్ళోనే గడిపేసిన మనిషి. విశాఖపట్నంలో అది చిన్న సంగతి కాదు. ఇది ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

గాయని

నూకరత్నం మొదటిసారి వచ్చినప్పుడు జరీ అంచు చీర, తలనిండా కనకాంబరాలు, చేతినిండా గాజులు. నోరు మాత్రం ఒక వేలు దూరేంత కూడా తెరుచుకోవడం లేదు. పళ్ళ సందులోంచి మాట్లాడుతోంది. కుడివైపు దవడ పళ్ళు రెండు అప్పటికే లేవు. ఎక్కడో పీకించుకుంది. మూడోది పీకమని వచ్చింది.

డాక్టరు గారు ఎక్స్‌రే చూశారు. పన్ను నిక్షేపంలా ఉంది. పీకనన్నారు. ఆ మాటకి నేను ఆయన్ని ఎప్పటికీ గౌరవిస్తాను. తర్వాత వివరాలు అడిగారు.

"ఏం పని చేస్తారమ్మా?"

"పాట పాడతాను బాబూ."

డాక్టరు గారు కళ్ళజోడు తీశారు. ఆయన ముఖం అంతగా వెలగడం నేను అప్పుడే చూశాను.

"పాటా! రోజూ పాడతారా?"

"రోజూ బాబూ. తెల్లారగట్ల మొదలెడితే పొద్దెక్కేదాకా."

"తెల్లవారుజామున సాధకం! చూశావా అమ్మా," అని నా వైపు తిరిగారు. "జనం బాగానే వస్తారా?"

"కిక్కిరిసిపోతారు బాబూ. ఎనకోళ్ళకి ఇనబడకపోతే తిట్టిపోత్తారు."

"మైకు ఉండదా?"

"మైకేటి బాబూ, గొంతే."

ఆయన కరిగిపోయారు. కేసు షీటులో వృత్తి అన్న చోట 'గాయని' అని తన ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. దవడకి శ్రమ ఎక్కువైందని తేల్చారు. రాత్రి నిద్రలో పళ్ళకి తొడుక్కునే ప్లేటు, నొప్పికి మాత్రలు, అన్నిటికంటే ముఖ్యంగా పాట పూర్తిగా మానేయాలని చెప్పారు. ఆమె ముఖం పాలిపోయింది. ఏదో అనబోయి, పళ్ళు బిగించుకుని, లేచి వెళ్ళిపోయింది.

తీరా చూస్తే

వేట నిషేధం రోజులు వచ్చాయి. చేపలు గుడ్లు పెట్టే ఆ కాలంలో బోట్లన్నీ హార్బర్లో కట్టేసి ఉంటాయి. ఆ రోజుల్లో నూకరత్నం మళ్ళీ వచ్చింది. ఈసారి వెంట ఆమె భర్త ఎల్లాజీ ఉన్నాడు. డాక్టరు గారు ఆపరేషన్‌లో ఉన్నారు. కాబట్టి నా గదికి పంపారు.

నొప్పి తగ్గలేదు, రెట్టింపైంది. పాట మానేసి ఇన్నాళ్ళైనా ఎందుకు తగ్గలేదో నాకు అర్థం కాలేదు. ఏం అడగాలో తెలియక, కొంచెం నా సొంత కుతూహలంతోనే అడిగాను.

"ఏ పాటలు పాడతారు మీరు? భక్తి పాటలా, జానపదాలా?"

"అన్నీ పాడతానమ్మా. కోనాం, సందువా, కానాగంతలు, రొయ్యలు..."

ఎల్లాజీ గోడకి చేరబడి పగలబడి నవ్వాడు. "ఓలమ్మో! డాక్టరమ్మా, అది ఏలం పాట! సేపల పాట! బోటు సరుకు దింపితే ఇది పాట పాడి అమ్ముతాది. దీని గొంతు ఇంటే సముద్రంలో సేపలు కూడా రేటు అడుగుతాయి."

"నువ్వు నోర్మూసుకో," అంది నూకరత్నం పళ్ళ సందులోంచి.

నేనూ నవ్వాను. వెంటనే నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఆమె అంది, "పాట పాడినంతసేపూ నొప్పి తెలిసీది కాదమ్మా. ఆ బాబు మానీమన్నాడు, మానీసినాను. అప్పట్నించీ సంపేత్తంది."

శ్రమ వల్ల నొప్పి వస్తే శ్రమ చేసేటప్పుడు పెరగాలి. ఈమెకి తగ్గుతోంది. ఊరుకుంటే పెరుగుతోంది. అంటే నోరు తెరిచినప్పుడు కాదు, మూసుకుని ఉన్నప్పుడే దవడ పనిచేస్తోంది.

ఎల్లాజీ అసలు సంగతి చెప్పాడు. నిషేధం అయ్యాక బోటు మొదటిసారి సరుకు దింపిన రోజు ఎవరు పాట పాడితే, ఆ ఏడంతా ఆ బోటుకి వాళ్ళే పాడాలి. అది వాళ్ళ కట్టుబాటు. "మా బావ బోటుకి ఎప్పుడూ ఇదే పాడతాది. ఈ ఏడు దీని నోరు ఇలగే ఉంటే లచ్చిమిని పెట్టీత్తానన్నాడు మా బావ."

"లచ్చిమి గొంతుకి కాకులు కూడా ఎగిరిపోతాయి," అంది నూకరత్నం. ఆ మాట అంటున్నప్పుడు ఆమె చెంప మీద కండరం ఉండలా పైకి లేచింది. నేను దానిమీద వేలు పెట్టాను. రాయిలా ఉంది.

అడ్డచుట్ట

నోరు తెరుచుకున్నంత మేర లైటు వేసి చూశాను. అంగిలి తెల్లబారి ఉంది, మధ్యలో ఎర్రటి చుక్కలు. మన తీరంలో పనిచేసే ఎవరికైనా ఆ అంగిలి తెలుస్తుంది. అడ్డచుట్ట. చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. గాలికి ఆరిపోదని, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయని పెద్దవాళ్ళ నుంచి వచ్చిన అలవాటు.

"చుట్ట ఎప్పుడు మానేశారు?"

ఆమె ఉలిక్కిపడింది. "మానీసినానని నీకెలా తెల్సు?"

"వాసన లేదు కదా."

"పోయిన ఏడు మానీసినాను. ఒక్క రోజులో. మా పేటలో నాలాగ మానీసినోళ్ళు నేరు." ఆ మాట అంటున్నప్పుడు ఆమె తల కొంచెం పైకి లేచింది. నిజంగా గొప్ప సంగతే అది.

"చుట్ట ఎక్కడ పెట్టుకునేవారు? చూపించండి."

కుడి వైపు పళ్ళ మధ్య, మెల్లగా బిగించి చూపించింది. లేని చుట్టని పట్టుకున్నట్టు. చూపించడం అయిపోయింది, కానీ దవడ వదల్లేదు. అలాగే ఉండిపోయింది. ఏడాదిగా ఆమె రోజంతా అక్కడ లేని చుట్టని పట్టుకునే ఉంది. పళ్ళు పోయింది కూడా ఆ వైపే.

ఇక్కడితో ఆగిపోతే అది సగం వైద్యమే అయ్యేది. ఇంకో ప్రశ్న మిగిలి ఉంది. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకి నేను ఇచ్చే ఒకే ఒక్క సలహా ఇది: రోగిని ఈ ప్రశ్న అడగకుండా పంపకండి. అడిగాను.

"ఈ నొప్పి ఏమిటని మీరు అనుకుంటున్నారు?"

జవాబు రాలేదు. నేను మాట్లాడలేదు. మాట్లాడకుండా కూర్చోవడం నాకు బాగా వచ్చు. ఆ ఒక్కటీ నాకు పుట్టుకతో వచ్చిన పనిముట్టు.

కాసేపటికి ఎల్లాజీని బయటికి పొమ్మంది. అతను వెళ్ళాక, నా చెయ్యి పట్టుకుని, మెల్లగా అంది.

"మాయమ్మకి ఉన్నదే నాకూ వచ్చింది. మాయమ్మ కూడా అడ్డచుట్టే తాగీది. నోట్లో పుండు లేచి పోయింది. పేటకి డాక్టర్లు వచ్చి, అంగిలి సూసి, ముక్క తీసి పరీచ్చకి పంపాలన్నారు. నాను పారిపోయినాను. ఆ రోజే చుట్ట మానీసినాను. మర్నాటి నుంచే ఈ నొప్పి."

"పళ్ళు ఎందుకు పీకించుకున్నారు?"

"ఆ జబ్బు పన్నులోనే ఉంటే పన్నుతో పాటు పోద్దని."

ఏడాది పాటు ఆమె ఆ మాటని మొగుడికి కూడా చెప్పకుండా పళ్ళ మధ్య పట్టుకుని ఉంది. చుట్ట పోయిన చోట అది కూర్చుంది.

గట్టిగా చెప్పమంది

ఆమెకి ఊరికే ధైర్యం చెప్పడం సులువు. చెప్పలేదు. నోరు తెరుచుకోకపోవడం ఒక్కోసారి ఆ జబ్బుకే గుర్తు. చూడకుండా లేదని చెబితే అబద్ధమవుతుంది. ముక్క తీయాలన్నాను. ఒప్పుకుంది, ఒక షరతు మీద. "ఏటున్నా నువ్వే సెప్పాల. సుట్టూ తిప్పకుండా."

శేషగిరి గారే తీశారు. ఆ చేతుల నేర్పు ఆ రోజు ఎంత అక్కరకొచ్చిందో చెప్పలేను. తీసేముందు నేను ఆయనకి మొత్తం చెప్పాను, పాట సంగతితో సహా. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చేపల పాటా," అన్నారు చివరికి. అంతే.

ఫలితం వచ్చిన రోజు హాలు నిండా రోగులు. కాగితం చదువుకుని పరుగున కిందికి దిగాను. ఆమె మూల బెంచీ మీద కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. పక్కకి వెళ్ళి వంగి, నా మామూలు గొంతుతో అన్నాను, "ఆ జబ్బు కాదండీ."

"ఇనబళ్ళేదు."

"క్యాన్సర్ కాదండీ," అన్నాను ఇంకాస్త గట్టిగా.

ఆమె కళ్ళు తెరిచింది. "గట్టిగా సెప్పమ్మా. పాటంటే ఎనకాల నిలబడ్డోళ్ళకి కూడా ఇనబడాల."

మాది ఎలమంచిలి దగ్గర పల్లె. కాలేజీలో చేరిన మొదటి వారంలోనే, నలుగురూ నవ్వారని, నా యాసని మూటగట్టి దాచేశాను. ఆ రోజు ఆ హాలు మధ్య నిలబడి అరిచాను, "నేదమ్మా! నీకు క్యాన్సర్ నేదు!"

హాలంతా తిరిగి చూసింది. తర్వాత ఒక ముసలాయన చప్పట్లు కొట్టాడు. ఆయన వెనక అందరూ కొట్టారు. నూకరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఎల్లాజీ నాకు దండం పెట్టి, అటు తిరిగి కళ్ళు తుడుచుకుని, అన్నాడు, "ఇదేటే, నాకు ఒక్క మాట సెప్పలేదు!" ఆ రోజు వరకు ఆమె అంత భయం మోసిందని అతనికి తెలియదు.

మళ్ళీ చుట్ట ముట్టకూడదనీ, అంగిలి అప్పుడప్పుడూ చూపించుకోవాలనీ కూడా చెప్పాను. "ముట్టను," అంది. ఆ మాట మీద నాకు అనుమానం లేదు.

ఓడ కూత

భయం పోగానే దవడ తెరుచుకుంటుందని అనుకోకండి. కథల్లో అలా జరుగుతుంది. ఏడాది పాటు బిగిసిన కండరానికి శుభవార్త వినబడదు. దానికి మళ్ళీ నేర్పించాలి.

నేర్పినది చిన్నదే: పెదవులు కలవాలి, పళ్ళు విడిపోవాలి. నాలుక అంగిలికి మెత్తగా ఆనాలి. వేడినీటి గుడ్డ, చెంప మీద వేళ్ళతో మెల్లగా రుద్దడం, నోరు నెమ్మదిగా తెరవడం. కష్టమైనది గుర్తుపెట్టుకోవడం. చదువుకున్నవాళ్ళకి ఫోనులో అలారం పెట్టమంటాం. నూకరత్నం ఫోను ఎప్పుడూ ఎల్లాజీ జేబులో ఉంటుంది.

"ఓడ కూత ఇనబడినప్పుడల్లా పళ్ళు ఒగ్గీమంటావా?" అని ఆమే అడిగింది. పోర్టుకి ఓడలు వస్తూ పోతూనే ఉంటాయి, ఆ కూత పేటంతా వినిపిస్తుంది. అంతకంటే మంచి అలారం నేను కనిపెట్టలేకపోయేదాన్ని. ఆ తర్వాత క్రేన్ ఆయనకి కూడా అదే దారి చూపించాను, ఆయన ఫ్యాక్టరీ సైరన్‌తో.

మధ్యలో ఒకసారి వెనక్కి జారింది. లచ్చిమి మొదటి రోజు పాటకి కొత్త చీర కొందని ఎవరో చెప్పారట. ఆ వారం మళ్ళీ నోరు బిగిసింది. ఆమె కంగారు పడింది. నేను పడలేదు. వెనక్కి జారినప్పుడు రోగి కంటే ముందు డాక్టరు బెదిరిపోతే పని అక్కడే చెడుతుంది. కొందరు పూర్తిగా బాగుపడరు. వాళ్ళని మనసు డాక్టరు దగ్గరికి పంపాల్సి వస్తే, వదిలించుకున్నట్టు కాకుండా, మనమూ తోడున్నామన్నట్టు పంపండి. 'అంతా మీ టెన్షనే' అని మాత్రం ఎవరితోనూ అనకండి. ఆ మాట విన్న రోగి పళ్ళు మరింత బిగిస్తాడు.

నోరు ఎంత తెరుచుకుంటోందో మనం వేళ్ళతో కొలుస్తాం. రోగి తన మూడు వేళ్ళు నిలువుగా పట్టించగలిగితే బాగున్నట్టు. వచ్చినప్పుడల్లా నూకరత్నం తనే కొలుచుకుని నాకు చూపించేది. రెండో వేలు దూరిన రోజు గది అదిరేలా అరిచింది: "రెండోసారి!"

మొదటి రోజు

నిషేధం అయిపోయి, బోట్లు వెళ్ళి, సరుకుతో తిరిగొచ్చిన తెల్లవారుజామున నేనూ హార్బర్‌కి వెళ్ళాను. ఐసు ముక్కలు, బుట్టలు, కాళ్ళకింద తడి. ఎల్లాజీ బావ బోటు గట్టుకి తగిలింది. చేపల్ని కుప్పలుగా దింపారు. లచ్చిమి కొత్త చీరలో ముందుకొచ్చి నిలబడింది.

"ఏటే రత్నం, నోరు పెగుల్తాదా?" అన్నాడు బోటు ఆసామి.

నూకరత్నం జనం అందరికీ కనబడేలా చెయ్యి పైకెత్తి, వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. "ఒకటోసారి!" ఒక వేలు. "రెండోసారి!" రెండు వేళ్ళు. అప్పుడు మూడు వేళ్ళూ కలిపి, నిలువుగా, నోట్లో పెట్టుకుని చూపించింది. తీసి, కోనాం తోక పట్టుకుని పైకెత్తి, గొంతు విప్పింది.

ఆ గొంతు నేను అదే మొదటిసారి వినడం. పక్క గట్టు మీద పాటలు ఆగిపోయాయి. వెనకాల ఉన్నవాళ్ళే కాదు, వాళ్ళ వెనక ఉన్న ఐసు బండి మనుషులు కూడా తిరిగి చూశారు. ఆగకుండా, తడబడకుండా, మధ్యలో కొనేవాళ్ళని ఎకసెక్కాలాడుతూ పాడింది. "ఏటి బావా, సేపని సూత్తన్నావా, సేపే నిన్ను సూత్తందా? పాడు!" జనం ఘొల్లుమన్నారు. నేను ఫోను తీసి శేషగిరి గారికి కలిపి, పాట వినబడేలా చెయ్యి పైకెత్తి పట్టుకున్నాను.

"మూడోసారి!" అని ఆమె చివరి కుప్ప అమ్మేసేసరికి పొద్దు పొడిచింది. ముందుగా వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది లచ్చిమి. "నా సీర ఒట్టిపోయింది గదే వదినా," అంది. "ఒట్టేటి, పక్క బోటుకి పాడు పో," అంది నూకరత్నం. అని నా వైపు తిరిగి, పెదవులు కలిపి, పళ్ళు విడదీసి, నవ్వింది. దూరంగా ఓడ ఒకటి కూసింది.

ఆ మర్నాడు క్లినిక్‌లో ఆమె కేసు షీటు తీశాను. వృత్తి అన్న చోట తప్పు ఉందని, కొట్టేసి సరిగ్గా రాయడానికి పెన్ను మూత తీశాను. శేషగిరి గారు వెనకనుంచి వచ్చి పెన్ను తీసేసుకున్నారు.

"నిన్న మొత్తం విన్నాను," అన్నారు. "ఉండనీ. సరిగ్గానే రాశాను."

ఆ షీటు రెండో అలమారాలో ఉంది. మీ చేతికి వచ్చినప్పుడు దిద్దకండి.